నలభై ఒకటో చుక్క

ఫిబ్రవరి 9, సోమవారం

పొద్దున్నే మా కొట్టు షట్టర్ మీద నోటీసు. నాకంటే ముందు వీధంతా చదివేసింది.

తాళంచెవులు చేయించుకోవడానికి వచ్చినవాళ్లు ఇద్దరు బయట నిలబడి ఉన్నారు. అన్నయ్య షట్టర్ ఎత్తలేదు. ఎత్తితే కాగితం పైనున్న చుట్టలోకి పోయి చిరుగుతుంది. చిరిగితే కేసు పెడతామని దాని అడుగునే రాసి ఉంది.

"చదువు," అన్నాడు నాతో. అతనికి చదవడం రాక కాదు. నా నోటితో వినాలని.

చదివాను. "పురాతన కట్టడముల పట్టికలో 41వ సంఖ్యగా చేర్చబడినది. అనుమతి లేనిదే ఇందలి ఏ భాగమునూ కూల్చరాదు, మార్చరాదు, నూతనముగా కట్టరాదు."

ఇందలి ఏ భాగమునూ. ఎంత బిగువైన మాట! ఆ పట్టిక కోసం ఎండనక, దుమ్మనక తిరిగింది నేను. అది మొదటిసారి కంప్యూటర్‌లోంచి దిగి వీధిలోకొచ్చింది. ఒక్క క్షణం నాకు సంతోషమే వేసింది. ఈ సంగతి ఎవరితోనూ అనలేను కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

"41 మన కొట్టు కాదన్నయ్యా. ఎదురుగా పెయింట్ల పెదనాన్న గోడకున్న రాతి అరుగు. అంటించినవాడు వీధికి అటో ఇటో తెలియనివాడు."

"వాడి సంగతి సరే. నీకు తెలుసా?"

వెనకనుంచి వదిన అందుకుంది. "ఆడపడుచు అర్ధమొగుడంటారు. నాకు దొరికింది అర్ధ మున్సిపాలిటీ."

తాళంచెవుల కోసం వచ్చినవాళ్లిద్దరూ నవ్వారు. నా వీధిలో, నా తండ్రి పెట్టిన కొట్టు ముందు.

ఎల్లుండి తాపీవాళ్లు రావాలి. కొట్టు ముందు గోడ తీసేసి, గాజు తలుపు పెట్టించాలని అన్నయ్య రెండేళ్లుగా కలలు కంటున్నాడు. ఆ గాజు తలుపు మొన్న శుక్రవారమే వచ్చేసింది. ఇంట్లో నడవాలో గోడకి ఆనించి ఉంది. దాని పక్కనుంచి అందరం పక్కకి తిరిగి నడుస్తున్నాం.

అంటించినవాడిదే తప్పు. రేపు ఆఫీసులో చెబితే వాడికి పడుతుంది.

ఫిబ్రవరి 10, మంగళవారం

మా సారుని ఆఫీసంతా స్కేలు సారు అంటుంది. చేతిలో ఎప్పుడూ అడుగు స్కేలు. నా రాతలో నచ్చని వాక్యం కనిపిస్తే ఊరికే కొట్టేయడు. స్కేలు పెట్టి, తిన్నగా, ఉరి తీసినట్టు గీత గీస్తాడు. 41కి నేను రాసిన వివరం: "బరువెత్తే భుజాలకు ఊపిరి పోసిన రాయి." గీత కింద పోయింది. మిగిలింది: "రాతి అరుగు. భుజం ఎత్తు."

"సార్, 41 నోటీసు తప్పు ఇంటికి అంటించారు. మా కొట్టుకి."

"అంటించేవాడికి ఇళ్లతో పని లేదమ్మా. ఫోన్‌లో పటం మీద మనం పెట్టిన చుక్క తెరుస్తాడు. తను ఆ చుక్క మీదికి వచ్చేదాకా నడుస్తాడు. అక్కడ ఏ తలుపుంటే ఆ తలుపుకి అంటిస్తాడు."

"అంటే చుక్క..."

"మీ కొట్టు మీదుంది. పెట్టిందెవరు?"

"ఆ రోజు ఉపగ్రహాలు సరిగ్గా అంది ఉండవు సార్."

"ఉపగ్రహాలకి మీ కొట్టు మీద పగేమన్నా ఉందా?"

పక్క బల్లవాళ్లు తలలు వంచుకుని నవ్వారు. వంచుకున్నా భుజాలు కదులుతాయి కదా.

ఇతన్ని ఇక్కడైనా 'వాడు' అని రాయాలనుంది. చెయ్యి రావడం లేదు. పెంపకం.

ఫిబ్రవరి 11, బుధవారం

అన్నయ్య ఒక ఉపాయం కనిపెట్టాడు. నోటీసు పై అంచు చుట్టకి తగలకుండా షట్టర్ ఎంతవరకు లేస్తుందో చూశాడు. నడుము ఎత్తు. ఇప్పుడు కొట్టు నడుము ఎత్తు వరకే తెరుచుకుంటోంది. అతను వంగి లోపలికెళ్తున్నాడు, వంగి బయటికొస్తున్నాడు. వచ్చినవాళ్లు వంగి, గుహలోకి చూసినట్టు చూసి, "తాళం పడుతుందా అన్నా?" అని అరుస్తున్నారు.

తాపీవాళ్లు వచ్చారు. నోటీసు చూసి పారలు భుజాన వేసుకుని వెళ్లిపోయారు. గోడ ముట్టుకుంటే తమ మీద కూడా కేసవుతుందని భయం. అన్నయ్య వాళ్లని బతిమాలడం విన్నాను. నన్ను తిట్టినా బాగుండేది అనిపించింది. కాసేపటికి తిట్టాడు కూడా. అప్పుడేమీ బాగోలేదు.

"బళ్లో టీచరుగా పెట్టారు. పరీక్షలో రాని రాజుల గురించి చెప్పి ఊడగొట్టుకుంది. కొరియర్ ఆఫీసులో చేరింది. పాత చిరునామాలు చదువుతూ కూర్చుంటే పార్శిళ్లు కదల్లేదు. మ్యూజియంలో టికెట్లివ్వమ్మా అంటే, టికెట్ కొన్నవాడి వెనకే లోపలికెళ్లి వాడికి కథలు చెప్పింది. కిటికీ దగ్గర లైను రోడ్డు దాకా. తర్వాత మురుగు కాలవల మూతలు లెక్కపెట్టింది. ఇప్పుడు మన కొట్టుకే మూత పెట్టింది."

అమ్మ నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది. అమ్మ కూడా.

మ్యూజియం సంగతి నిజమే. మిగతాదంతా అన్యాయం. చరిత్ర చదివినవాళ్లకి తిన్నని దారి ఉండదు. కొరియర్ ఆఫీసులోనే నాకు తెలిసింది, ఒక వీధి పేరు మారినా ముసలివాళ్లు పాత పేరే రాస్తారని. మూతల దగ్గరే నేర్చుకున్నాను, నేల మీద ఉన్నదాన్ని పటం మీద పెట్టడం. ఆ పాఠం ఇప్పటికీ నోటికి వస్తుంది: "మూత మీద రెండు కాళ్లూ పెట్టి నిలబడు. పరికరం కదపకు. పచ్చ లైటు వచ్చాక నొక్కు." ఏడాదిన్నర నొక్కాను. ఒక్క మూత తప్పిపోలేదు. ఆ తర్వాత మున్సిపాలిటీవాళ్లు పాత కట్టడాల పటం కావాలన్నప్పుడు, ఆఫీసులో చరిత్ర డిగ్రీ ఉన్నది నా ఒక్కదానికే. ఆ రోజు స్కేలు సారు నన్ను పైనుంచి కిందికి చూసి, "ఇన్నాళ్లకి నీ డిగ్రీకో పని దొరికింది," అన్నాడు.

దొరికింది. దీన్ని మాత్రం పోనివ్వను.

41కి చుక్క పెట్టిన రోజు నాకు బాగా గుర్తుంది. మండే ఎండ. గోడ అంతా కనిపించేలా నిలబడ్డాను. పచ్చ లైటు వచ్చింది. నొక్కాను. అంతా సక్రమం.

ఫిబ్రవరి 12, గురువారం

నేను వీధిలో నడుస్తుంటే షట్టర్లు సగానికి దిగుతున్నాయి. కుర్చీలు అమ్మేవాడు తన కొట్టునీ పట్టికలో ఎక్కిస్తానేమోనని బోర్డు మీద పాత సంవత్సరం అంకెని సున్నం పూసి చెరిపేశాడు. నా పేరు 'చుక్కలమ్మాయి' అయింది. "పట్టపగలు చుక్కలు చూపిస్తుంది, జాగ్రత్త" అంటున్నారట. వదిన మోసుకొచ్చిన మాట. మోసుకొచ్చేటప్పుడు ఆమె ముఖం వెలిగిపోయింది.

ఫిబ్రవరి 13, శుక్రవారం

నడవాలో గాజు తలుపుకి గుద్దుకున్నాను. నుదుటి మీద బొప్పి. ఎవరూ లేచి చూడలేదు. అమ్మ దాని మీద పాత దుప్పటి కప్పింది. నా కోసం కాదు, గాజు కోసం.

ఫిబ్రవరి 14, శనివారం

ఈ వీధిలో మనిషన్నవాడు ఒక్కడే, పెయింట్ల పెదనాన్న. చుట్టం కాదు. అందరికీ పెదనాన్నే.

దారిలో వెళ్తుంటే పిలిచి కుర్చీ వేయించాడు. టీ తెప్పించాడు. "మీ వాళ్ల మాటలు పట్టించుకోకమ్మా. చదువుకున్న పిల్ల ఇంట్లో ఉంటే ఇల్లు దాన్ని తట్టుకోలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు గానీ, కొందరికి రచ్చే ముందు దొరుకుతుంది."

ఎంత బాగా అన్నాడు! గుర్తుండాలని ఇక్కడ రాస్తున్నాను.

తర్వాత మాటల్లో చెప్పాడు, సోమవారం కాక ఆ పై సోమవారం పొద్దున ఎనిమిదింటికి పక్క గోడ కొట్టించేస్తాడట. డబ్బాల బండి వెనక దాకా రావాలంటే ఆ అరుగు అడ్డం. "పాతదేలే. పావురాలు కూర్చోడానికి తప్ప దేనికీ పనికి రాదు."

నేను టీ తాగాను. ఆ అరుగు అంచు మధ్యలో నున్నగా, పళ్లెంలా గుంట పడి ఉంటుంది. లెక్కలేనన్ని మూటలు అక్కడే రాపాడి ఉంటాయి. కుర్చీలోంచి అది కనిపిస్తూనే ఉంది.

ఆయన నోటీసు మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పెద్దవాళ్లతో అన్నీ మాట్లాడకూడదు.

ఫిబ్రవరి 15, ఆదివారం

అమ్మ ఉల్లిపాయలు తరుగుతుంటే అడిగాను, ఆ అరుగు పోతే నీకేమీ అనిపించదా అని. తాతయ్య ఈ వీధిలోనే మూటలు మోసేవాడని నాకు తెలుసు. అంతకంటే ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

"పీడా పోతుంది," అంది.

"అది మన చరిత్రమ్మా."

"చరిత్రా? మీ తాత మెడ చూశావా నువ్వు? చూడలేదు. లోపలికి కుంగిపోయి ఉండేది. చొక్కా కాలరు నిలబడేది కాదు." కత్తి ఆపలేదు. "నడి వీధిలో బరువు కింద పెడితే మళ్లీ తలకెత్తడానికి ఇంకో మనిషి కావాలి. ఎవణ్ణి పిలుస్తావు? పిలిస్తే వాడికో బీడీ ఇవ్వాలి, లేకపోతే వాడి మాట పడాలి. అందుకని ఆ అరుగు. భుజం ఎత్తులో ఉంటుంది కాబట్టి ఒంటరిగా దించుకుని ఒంటరిగా ఎత్తుకోవచ్చు. ఎవడి చెయ్యీ అక్కర్లేదు."

నేను కాగితం కోసం వెతుక్కుంటున్నాను, రాసుకోడానికి.

"రాసుకుంటావా? ఇది కూడా రాసుకో. మీ నాన్న బడి నుంచి వచ్చేటప్పుడు ఈ వీధిలోకి వచ్చేవాడు కాదు. చుట్టూ తిరిగి పోయేవాడు. ఎందుకో తెలుసా? అక్కడ వాళ్ల నాన్న నిలబడి ఉంటే, తోటి పిల్లల ముందు పలకరించాల్సొస్తుందని."

"మరి కొట్టు సరిగ్గా దాని ఎదురుగానే ఎందుకు పెట్టాడు?"

అమ్మ ముక్కు ఎగబీల్చింది. ఉల్లిపాయల వల్లే.

"అద్దె తక్కువ."

ముక్కలు గిన్నెలోకి తోసి, "ఆ మోత మర్చిపోవడానికి రెండు తరాలు పట్టింది మాకు. నువ్వొచ్చి దానికి నంబరు వేశావు," అంది.

ఫిబ్రవరి 16, సోమవారం

నంబరు వేశావు. నంబరు వేశావు. రోజంతా అదే మాట.

ఫిబ్రవరి 17, మంగళవారం

ఈ రోజు గొడవ మొదలైంది పప్పులో ఉప్పు గురించి. ముగిసింది నా గురించి.

అన్నయ్య నడుం పట్టుకుని కూర్చున్నాడు. రోజంతా వంగి లేస్తున్నాడు కదా, పట్టేసింది. వదిన వేడి నీళ్ల సంచి పెడుతూ, "మామగారి తండ్రి మూటలు మోసి వంగాడు, ఈయన చుక్క మోసి వంగాడు. వంశం," అంది.

నాకు కోపం వచ్చింది. "చుక్క తప్పు నాది కాదని ఎన్నిసార్లు చెప్పాలి? ఆ రోజు ఆకాశం బాగోలేదు. ఉపగ్రహాలు అందలేదు. పరికరం పక్కకి జరిపింది. వీధికి ఇటు నుంచి అటు ఎంత దూరమని?"

"ఆకాశం బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు అన్నయ్య. "మాడు మాడిపోయే ఎండ. నీకు స్టూలు వేసింది నేనే."

నేను పప్పు కలుపుకోవడం మొదలుపెట్టాను.

"కళ్లు తిరుగుతున్నాయన్నావు. మన మెట్టు మీద నీడలో స్టూలు వేశాను. చల్లటి నీళ్లిచ్చాను. కూర్చునే కదా నొక్కావు దాన్ని? 'భలే కనిపిస్తోందన్నయ్యా ఇక్కణ్ణుంచి' అన్నావు కూడా. నీళ్లు పోసిన చేతికే నోటీసు అంటించావు."

"నేను నిలబడే నొక్కాను."

"కూర్చుని."

ఫిబ్రవరి 18, బుధవారం

స్టూలు.

ఫిబ్రవరి 19, గురువారం

ఇది రాయకుండా ఉంటే బాగుండును. రాయకపోతే రేపు ఇంకో సాకు కనిపెడతానని నాకు తెలుసు. మొదట అంటించినవాడు, తర్వాత ఆకాశం. మూడోది దొరక్కముందే రాసేస్తాను.

మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లాక నా పటం తెరిచాను. వీధులు, ఇళ్లు కనిపించే పైనుంచి తీసిన ఫోటో మీద నా చుక్కల్ని పరిచి, ఒక్కొక్కదాన్నీ పెద్దది చేసి చూశాను.

41, మా మెట్టు మీద. సరిగ్గా స్టూలు ఉన్నచోట.

7, గంట స్తంభం అని రాశాను. చుక్క ఎదురుగా ఉన్న బస్టాపు బెంచీ మీద ఉంది. 12, పాత గుర్రపుశాల. చుక్క చెట్టు నీడలో. 19, వంతెన రాతి కమానులు. చుక్క కిందనున్న ఇసుకలో, కమానులు మూడూ ఒక్క చూపులో అందేచోట. 26, పాత నాటకశాల. చుక్క ఎదుటి జెరాక్సు కొట్టు మీద. ఈ నగరంలో పురాతనమైనవి బస్టాపులూ, జెరాక్సు కొట్లూ, నీడలూ అని తేలింది.

మూత మీద నిలబడితే నేనున్న చోటే మూత ఉంటుంది. ఏడాదిన్నర అదే పని. నిలబడు, ఆగు, నొక్కు. గోడ మీద ఎవరు నిలబడతారు? వంతెన మీద నిలబడితే కమాను ఎలా కనిపిస్తుంది? అందుకే పరికరంలో రెండు గళ్లు ఉన్నాయి: 'దూరం', 'దిక్కు'. నువ్వున్న చోటు నుంచి అది ఎంత దూరం, ఎటువైపు. మూతలకి అవి అక్కర్లేదు. రోజూ ఖాళీగా వదిలి ముందుకెళ్లిపోవడమే. నా చూపు ఆ గళ్ల మీదనుంచి జారిపోవడానికి అలవాటు పడింది. కట్టడాలకొచ్చాక కూడా జారిపోయింది. ఒక్కసారి కూడా ఆగలేదు.

ప్రతి కట్టడం దగ్గరా ఎక్కడ నిలబడితే బాగా కనిపిస్తుందో వెతుక్కున్నాను. ఆ చోటు దొరికితే పొంగిపోయాను. మంచి మాటల కోసం తడుముకున్నాను. నొక్కాను.

నేను గీసింది పాత కట్టడాల పటం కాదు. నేను నిలబడిన చోట్ల పటం. కొన్నిచోట్ల కూర్చున్నాను కూడా.

తలుపు చప్పుడైతే మూసేశాను.

ఫిబ్రవరి 20, శుక్రవారం

స్కేలు సారుకి చెప్పాను. పూర్తిగా చెప్పాను.

ఆయన స్కేలుని బల్ల అంచుకి సమానంగా పెట్టాడు. మళ్లీ సరిచేశాడు.

"ఎన్ని?"

"దాదాపు అన్నీ సార్."

"ఎవరెవరికి చెప్పావు?"

"మీకే."

"సరే. ఇక ఆపేయ్." కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "చూడు. పట్టిక సోమవారం పదింటికి ఖాయం చేసేస్తారు. ఇవాళ్టికి మూసేశారు, శని, ఆదివారాలు అది తెరుచుకోదు. సోమవారం ఏడింటి నుంచి పదింటి దాకానే తెరిచి ఉంటుంది. ఆ తర్వాత చుక్క జరపాలంటే కౌన్సిలు కూర్చోవాలి, మనమంతా ముసలివాళ్లమవ్వాలి. కాబట్టి సోమవారం పదిదాకా నువ్వు నోరు మెదపకపోతే ఇది కౌన్సిలు సమస్య. మెదిపితే నా సమస్య. నా సమస్యలు ఎవరి నెత్తికి చుట్టుకుంటాయో నీకు తెలుసు."

"కానీ సార్, 41ని సోమవారం ఎనిమిదింటికి పగలగొడుతున్నారు. చుక్క దాని మీద ఉంటే ఎవరూ ముట్టుకోరు. పరికరంతో అక్కడికెళ్లి కొత్త చుక్క నొక్కితే చాలు, వెంటనే జరుగుతుంది..."

"ఒక్క చుక్క జరిపితే, ఎందుకు జరిపావని అడుగుతారు. ఏం చెబుతావు? స్టూలు మీద కూర్చున్నానంటావా?"

నేను చెప్పిందే. నా మాటే.

"సోమవారం పరికరం నా బల్ల మీద ఉండాలి. నిన్ను మళ్లీ మూతల మీద వేస్తున్నాను. వాటిలో నీకు తిరుగు లేదు." లేచాడు. "నీ రాతలు మాత్రం బాగుంటాయమ్మా. కథలు రాసుకోకూడదూ?"

ఇప్పటిదాకా నన్నెవరూ ఇంత నీచంగా మెచ్చుకోలేదు.

ఫిబ్రవరి 21, శనివారం

అన్నయ్యకి చెప్పాను. షట్టర్ కింద నుంచి వంగి లోపలికెళ్లి చెప్పాను. లోపల చీకటిగా, ఇనుప రజను వాసన. అతను తాళంచెవి అరగదీస్తున్నాడు.

"తప్పు నాదే. ఆకాశానిది కాదు."

అరగదీయడం ఆపలేదు. "తెలుసు."

"సోమవారం పొద్దున జరిపేస్తాను. నోటీసు పోతుంది. గాజు తలుపు పెట్టుకోవచ్చు."

అప్పుడు ఆపాడు. "పోయి ఎక్కడికెళ్తుంది?"

"పెదనాన్న గోడకి."

"ఆయన గొడౌన్ల తాళాలన్నీ ఎవరు చేస్తారు? నేను. రేపట్నుంచి చేయిస్తాడా?" తాళంచెవిని వెలుతురుకి పట్టి పళ్లు చూశాడు. "చుక్క పెడితే మాకు నష్టం, తీస్తే మాకు నష్టం. నీ చదువుతో మాకు లాభమొచ్చే దారి ఒక్కటన్నా ఉందా?"

"లేదు."

"నీ ఉద్యోగం?"

"మిగతా చుక్కల సంగతి కూడా రాసేస్తాను. అన్నీ తప్పే. ఇది పోతుంది."

చాలాసేపు నన్ను చూశాడు. దయ అనుకుని ఎదురుచూశాను. కాదు.

"మోయలేనిది నెత్తికెందుకు ఎత్తుకుంటావే?" అని మళ్లీ అరగదీయడం మొదలుపెట్టాడు.

బయటికొచ్చేటప్పుడు వంగడం మర్చిపోయాను. పాత బొప్పి పక్కనే కొత్తది.

ఫిబ్రవరి 22, ఆదివారం

పెదనాన్నకి ముందే చెప్పడం న్యాయమనుకున్నాను. ఆ వీధిలో నాకు కుర్చీ వేసిన మనిషి ఆయనే కదా.

ఇవాళ కూడా వేయించాడు. నేను కూర్చోలేదు.

"పెదనాన్నా, 41 మా కొట్టు కాదు. మీ అరుగు. చుక్క తప్పు పడింది."

"తెలుసమ్మా," అన్నాడు నవ్వుతూ. "మొదటి రోజే తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చదువుకున్నదానివి. తెలియక వేస్తావా? మీ అన్న మీద కోపంతో కావాలనే వేశావనుకున్నాను. ఇంటి సంగతుల్లో నేనెందుకు తలదూర్చాలి? పైగా నాకు మేలు చేశావు, టీ పోయించాను." చెయ్యి చాపి అరుగు అంచు మీద తట్టాడు, ఎడ్లని తట్టినట్టు. "ఇప్పుడేమంటావు?"

"రేపు జరిపేస్తాను."

నవ్వు ముఖం మీదే ఉంది. కళ్లలోంచి మాత్రం దిగిపోయింది.

"రేపు ఎనిమిదింటికి నా మనుషులొస్తున్నారు. నువ్వు మీ తాత మనవరాలివి, ఆయన నా తండ్రి మూటలే మోశాడు. మోసిన చోట మొండితనం పనికిరాదమ్మా. మీ అన్నతో కూడా ఒక మాట చెప్పు, ఊళ్లో తాళాలు చేసేవాళ్లు చాలామంది ఉన్నారని."

నేను వచ్చేస్తుంటే వెనకనుంచి కుర్చీ లోపల పెట్టేస్తున్న చప్పుడు.

ఇంటికొచ్చి ఏడ్చాను. ఎవరూ చూడలేదనుకున్నాను. గాజు తలుపు మీద దుప్పటి జారిపోయి ఉంది. అటువైపునుంచి అమ్మ చూస్తోంది. వచ్చి దుప్పటి సరిగ్గా కప్పి, వెళ్లేటప్పుడు, "ఎనిమిదింటికన్నా ముందే ఎండ గోడ మీదికొస్తుంది. తలకి గుడ్డ కట్టుకో," అంది. తిట్టినట్టే అంది.

ఇంత జరిగాక నాకు ఎవరి మీదా ప్రేమ లేదు. ఈ వీధి మీద లేదు, నన్ను మూతల్లోకి తోసినవాడి మీద లేదు. ఆ అరుగు మీద కూడా ఉందో లేదో తెలియదు. దాని గురించి నేను రాసిన వాక్యం తలుచుకుంటే సిగ్గేస్తోంది. ఊపిరి పోసిందట! మెడలు కుంగిపోయాయి అక్కడ. స్కేలు సారు గీసిన గీతల్లో అదొక్కటి న్యాయం. రాతి అరుగు. భుజం ఎత్తు. ఎవరి చెయ్యీ అక్కర్లేకుండా దించుకోడానికి, ఎత్తుకోడానికి. అంతే రాస్తాను.

పరికరం ఛార్జింగ్‌లో పెట్టాను. రేపటి పని:

ఆరింటికి లేవాలి. ఏడింటికి పట్టిక తెరుచుకునేసరికి అరుగు దగ్గరుండాలి. గుంట పడినచోట వీపు ఆనించి, రెండు కాళ్లూ నేలకి ఆనించి నిలబడాలి. పచ్చ లైటు వచ్చేదాకా ఎవరేమన్నా కదలకూడదు. దూరం అన్న గడిలో సున్నా వేయాలి. ఖాళీ వదలకూడదు. నొక్కాలి. కింద 'రిమార్కులు' ఉన్నచోట, మిగతా చుక్కలు కట్టడాలవి కావు, నేనున్న చోట్లవి అని రాయాలి. అందంగా వద్దు. ఎనిమిదింటికి వాళ్లొస్తే ఫోన్ తెరిచి చుక్క ఎక్కడుందో చూపించాలి. వాళ్లు వెనక్కి తిరిగేదాకా అక్కడినుంచి రాకూడదు. తర్వాత పరికరం స్కేలు సారు బల్ల మీద పెట్టేయాలి.

అన్నయ్య కొట్టు తెరిచేది ఏడున్నరకి. ఎదురుగా నేను కనిపిస్తాను.

స్టూలు తెస్తానంటే వద్దని చెప్పాలి.